నలంద మహావిహారం, చుట్టుపక్కల ఊళ్లు: దానం, సేవ, సహవిద్య

నలంద తవ్వకాలలో దొరికిన మట్టి ముద్రికలలో అందరూ ఎరిగినది సంఘముద్రిక. నడుమ ధర్మచక్రం, ఇరుపక్కల రెండు జింకలు, కింద 'శ్రీ నాలందా మహావిహారీయ ఆర్య భిక్షుసంఘస్య' అన్న అక్షరాలు. ఆ బొమ్మ పాఠ్యపుస్తకాలకు ఎక్కింది, సంస్థల చిహ్నాలలో నిలిచింది. దానితోపాటే వెలుగు చూసిన మరొక రకం ముద్రికలకు ఆ ప్రసిద్ధి దక్కలేదు. అవి రాజులవీ కావు, భిక్షువులవీ కావు, గ్రామాలవి. ఊరి పేరు, దాని వెంట 'జానపద' అన్న మాట గల ఆ ముద్రికలను హీరానంద శాస్త్రి 1942లో వెలువడిన తమ నలంద శాసన సామగ్రి గ్రంథంలో పరిచయం చేశారు. ఊరి పేరిట ముద్ర వేయగల సమష్టి వ్యవస్థ ఆ గ్రామాలకు ఉండేదనీ, మహావిహారంతో ఆ వ్యవస్థకు సంబంధం ఉండేదనీ వాటివల్ల తెలుస్తుంది.

ఆంధ్రదేశ బౌద్ధాన్ని చదివినవారికి ఇది కొత్త విషయం కాదు. భట్టిప్రోలు ధాతుకరండాల శాసనాలలో గోష్ఠి సభ్యుల పేర్లు, నిగమ సభ్యుల పేర్లు వరుసగా కనిపిస్తాయి. స్తూపమైనా, విహారమైనా, విద్యాపీఠమైనా ఒక ఊరి నడుమనో, కొన్ని ఊళ్ల సరిహద్దులోనో నిలిచింది. అయితే ఊరికీ విద్యాపీఠానికీ నడుమ ఉన్న బంధం ఎటువంటిది, అది దేనివల్ల నిలిచింది, దేనివల్ల తెగింది అన్న ప్రశ్నలను చరిత్ర రచన తగినంతగా అడగలేదు. ఆ ప్రశ్నలకు జవాబు వెదకడానికి నలంద వంటి చోటు మరొకటి లేదు. రాగిరేకులు, యాత్రికుల రచనలు, ఊరి గుళ్లలోని విగ్రహాలు మూడూ అక్కడ ఒకే చోట దొరుకుతాయి.

రాజదానం: ఊళ్ల ఆదాయం

7వ శతాబ్దంలో నలందలో చదివిన హ్యుయాన్‌త్సాంగ్ జీవితచరిత్రను ఆయన శిష్యుడు హ్వేలీ రాశాడు. దాని ప్రకారం ఆ దేశపు రాజు సుమారు 100 గ్రామాల ఆదాయాన్ని విహారానికి వదిలివేశాడు. ఆ గ్రామాలలోని 200 కుటుంబాలు ప్రతిదినం బియ్యం, వెన్న, పాలు సమకూర్చేవి. నాలుగు ప్రత్యయాల కోసం ఎవరినీ అడుగవలసిన అవసరం లేకపోవడమే అక్కడి విద్యాపరిపూర్ణతకు మూలమని హ్వేలీ వ్యాఖ్యానించాడు. కొన్ని దశాబ్దాల తరువాత అక్కడ పదేళ్లు గడిపిన ఇత్సింగ్ కాలానికి గ్రామాల సంఖ్య 200 దాటింది. భిక్షువులు 3,000కు పైబడ్డారు.

ఈ వ్యవస్థ న్యాయస్వరూపం 1921లో మొదటి విహారంలో దొరికిన దేవపాలుని తామ్రశాసనంలో కనిపిస్తుంది. సువర్ణద్వీపాధిపతి బాలపుత్రదేవుడు నలందలో ఒక విహారం కట్టించి, దాని పోషణ కోసం దూతముఖంగా పాలరాజును అభ్యర్థించాడు. దేవపాలుడు రాజగృహ విషయంలో నాలుగు, గయా విషయంలో ఒకటి, మొత్తం 5 గ్రామాలను ఇచ్చాడు. బుద్ధపూజ, భిక్షువుల ఆహారం, వస్త్రాలు, శయనాసనాలు, రోగులకు మందులు, ధర్మగ్రంథాల ప్రతిలేఖనం, జీర్ణోద్ధరణ దాని ఉద్దేశాలు. సముద్రం అవతలి రాజ్యానికీ మగధ విద్యాపీఠానికీ కుదిరిన సహకారానికి ఇంతకన్న స్పష్టమైన పత్రం ఉండబోదు.

ఇక్కడ ఒక విషయాన్ని దాటవేయరాదు. ఆ 5 గ్రామాలను ఇచ్చినవాడు దేవపాలుడు, ఇప్పించినవాడు బాలపుత్రదేవుడు. బియ్యం పండించినవారు ఆ గ్రామాల రైతులు. గ్రామస్థులు ఆజ్ఞకు విధేయులై ఉచితమైన పన్నులు ప్రతిగ్రహీతకు చెల్లించవలెనని పాలరాజుల దానశాసనాలు శాసిస్తాయి. దానిని ఊరి స్వచ్ఛంద దానమని చెప్పలేం. రాజుకు చేరవలసిన భాగం విహారానికి చేరింది, అంతే. నలందను పోషించిన గ్రామాలను తలచుకునేటప్పుడు ఆజ్ఞవల్ల వచ్చిన ధాన్యాన్నీ ఇష్టపూర్వకంగా వచ్చిన సేవనూ వేరుచేసి చూడాలి. రెండూ విహారాన్ని నిలబెట్టాయి. కాని రాజు పోయిన నాడు రెండింటి గతీ ఒకటి కాలేదు.

ఇచ్చిపుచ్చుకోవడం: ఇత్సింగ్ చూసినవి

ఇష్టపూర్వక సంబంధాల సంగతి ఇత్సింగ్ రచనలో విరివిగా ఉంది. ఆయన 673లో తామ్రలిప్తిలో దిగినప్పుడు విహారం వెలుపల ఒక దృశ్యం చూశాడు. విహారభూమిని సాగుచేసే కౌలుదారులు కూరగాయలు తెచ్చి మూడు భాగాలు చేసి, ఒక భాగం భిక్షువులకు ఇచ్చి, రెండు భాగాలు తాము తీసుకుపోయారు. కారణం అడిగితే అక్కడి చైనా భిక్షువు వివరించాడు: వినయం ప్రకారం భిక్షువులు స్వయంగా నేల దున్నరాదు, అందుచేత భూమిని ఇతరులకు విడిచి, పంటలో ఒక భాగంతో సరిపెట్టుకుంటారు. రైతుకు రెండు పాళ్లు, సంఘానికి ఒక పాలు. ఈ లెక్క అందరి ఎదుట, ఆరుబయట తేలింది.

విద్యార్థుల గురించి ఆయన చెప్పినది ఇంకా గమనింపదగినది. విహారాలలో చదువుకునే గృహస్థ బాలురు రెండు రకాలు. ప్రవ్రజ్య తీసుకునే ఉద్దేశంతో ధర్మగ్రంథాలు చదివేవారు మాణవులు. సన్యసించే తలపు లేకుండా లౌకిక శాస్త్రాలు నేర్చుకోవడానికి వచ్చేవారు బ్రహ్మచారులు. భిక్షువుల వద్ద వ్యాకరణాది విద్యలు నేర్చే ఇటువంటి పిల్లలు భారతదేశ విహారాలలో చాలామంది ఉన్నారనీ, వారు గురువులకు పరిచర్య చేస్తారనీ, చదువువల్ల వారిలో సత్సంకల్పం కలుగుతుందనీ, కనుక ఇరువైపులా మేలు జరుగుతుందనీ ఆయన మెచ్చుకున్నాడు. వారి భోజనం విషయంలో మాత్రం నియమం కఠినం. సంఘపు స్థిరాస్తి నుండి వారిని ఊరకే పోషించరాదు, తమ ఖర్చు తామే భరించాలి. సంఘం కోసం శ్రమతో కూడిన పని చేసినవారికి ఆ పనిని బట్టి విహారం భోజనం పెట్టవచ్చు.

పరిసర కుటుంబాల పిల్లలకు విద్య, విహారానికి వారి శ్రమ, ఆ శ్రమకు లెక్క. నేటి విశ్వవిద్యాలయాలు సమాజ సేవ పేరిట రూపొందించుకునే నియమాల సారం ఈ మూడింటిలోనే ఉంది. సేవకు విలువ కట్టడం సేవను తక్కువ చేయడం కాదు. పేదవాని శ్రమ ఉచితంగా పోకుండా కాపాడడం. అదే ఇత్సింగ్ మరొక చోట, కొన్ని విహారాలు గింజలు కుళ్లిపోయేంతగా ధాన్యాగారాలు నింపుకోవడాన్నీ, ఖజానాలో ధనం మూలుగుతుండగా సంఘసభ్యులు లేమిలో ఉండడాన్నీ తప్పుపట్టాడు. కూడబెట్టే సంస్థకు ఊరితో పని ఉండదన్న ఎరుక ఆయన మాటల వెనుక ఉంది.

విద్యాపీఠాల నడుమ సంబంధాలలోనూ ఇదే రీతి కనిపిస్తుంది. హ్యుయాన్‌త్సాంగ్ ధాన్యకటక దేశానికి వచ్చినప్పుడు సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులను కలిశాడు. వారు మహాసాంఘిక త్రిపిటకంలో నిష్ణాతులు. ఆయన కొన్ని నెలలు అక్కడ నిలిచి వారి వద్ద అభిధర్మం చదివాడు. వారు ఆయన వద్ద మహాయాన శాస్త్రాలు చదివారు. ఆపైన ముగ్గురూ కలిసి తీర్థయాత్రకు బయలుదేరారు. అప్పటికే నలందలో చదివి పేరు గడించిన పండితుడు ఆంధ్రదేశపు విహారంలో శిష్యుడుగా కూర్చున్నాడు. పెద్ద కేంద్రం చిన్న కేంద్రానికి నేర్పడమే భాగస్వామ్యమని నేడు సాధారణంగా తలుస్తారు. 7వ శతాబ్దపు ధాన్యకటకంలో అది రెండు దిక్కులా సాగింది.

వంద ఊళ్లు పోయాక

రాజపోషణ ఒక్క రోజున పోలేదు. మొదటి మహీపాలుని 11వ రాజ్యసంవత్సరపు నలంద ద్వారబంధ శాసనం అగ్నిప్రమాదం తరువాత జరిగిన జీర్ణోద్ధరణను పేర్కొంటుంది. ఆ పని చేయించినవాడు రాజు కాడు. కౌశాంబి నుండి వచ్చి తైలాఢకంలో స్థిరపడిన బాలాదిత్యుడనే మహాయాన ఉపాసకుడు. తైలాఢకం నేటి నలంద జిల్లాలోని తెల్హారా. అక్కడి దిబ్బ కింద మరొక పెద్ద విహారం ఉన్నట్టు ఇటీవలి తవ్వకాలు తేల్చాయి. పొరుగూరిలో తమకొక విహారం ఉండగా ఆ ఊరివాడు నలంద ద్వారాన్ని నిలబెట్టాడు.

13వ శతాబ్దం నాటికి ఆ వంద గ్రామాలు లేవు, రెండు వందల గ్రామాలు లేవు. తురుష్క సైన్యం ఓదంతపురిలో, అంటే నేటి బిహార్ షరీఫ్‌లో, స్థావరం ఏర్పరచుకుంది. 1234-36 సంవత్సరాలలో మగధలో తిరిగిన టిబెట్ భిక్షువు ధర్మస్వామి నలందలో చూసినది ఆయన జీవితకథలో నమోదైంది. ఆ గ్రంథాన్ని రోరిక్ ఆంగ్లంలోకి అనువదించగా పాట్నాలోని కాశీప్రసాద్ జయస్వాల్ పరిశోధన సంస్థ 1959లో ప్రచురించింది. విహారాలలో ఎక్కువ భాగం పాడుపడ్డాయి. 90 ఏళ్లు దాటిన రాహులశ్రీభద్రుడు సుమారు 70 మంది విద్యార్థులకు ఇంకా పాఠం చెబుతున్నాడు. వారికి దాయకుడు ఓదంతపురివాసి జయదేవుడు. ఆయన బ్రాహ్మణుడు, గృహస్థు.

భిక్షువుల గురువును ఆదరిస్తున్నాడన్న నేరంపై జయదేవుణ్ణి సైనికులు బంధించారు. సైన్యం నలంద మీదికి రాబోతున్నది, గురువు శిష్యులతో తప్పించుకోవాలి అని ఆయన చెరలో నుండే కబురు పంపాడు. శిష్యులు తలొక దిక్కుకూ వెళ్లిపోయారు. వృద్ధుడైన గురువు కదలడానికి ఇష్టపడలేదు. ధర్మస్వామి ఆయనను విడిచి పోవడానికి ఒప్పుకోలేదు. చివరకు గురువును వీపుపై ఎక్కించుకొని, కొంత బియ్యం, చక్కెర, కొన్ని పుస్తకాలు పట్టుకొని, నైరుతి దిక్కున ఉన్న జ్ఞాననాథుని ఆలయానికి చేర్చాడు. 300 మంది సైనికులు ఆయుధాలతో వచ్చి, వెదికి, ఎవరూ కనిపించక వెనుదిరిగారు. ఆ తరువాత చదువు మళ్లీ సాగింది.

రాజశాసనంతో వచ్చిన ధాన్యం రాజ్యంతో ఆగిపోయింది. ఒక గృహస్థు ఇష్టంతో చేసిన సేవ చెరసాలలో కూడా ఆగలేదు. కాని ఈ కథను స్వచ్ఛంద సేవకు కీర్తనగా మాత్రమే చదివితే చరిత్రకు న్యాయం జరుగదు. జయదేవుడు 70 మందికి అన్నం పెట్టగలిగాడు, 3,000 మందికి కాదు. ఆయన కబురు ప్రాణాలు కాపాడింది. గ్రంథాలయాలను, విహారాలను, పాఠ్యక్రమాన్ని నిలబెట్టలేకపోయింది. స్థిరమైన ఆదాయం లేని విద్యాపీఠాన్ని సేవ కొంతకాలం బతికించగలదు. ప్రజల ఆదరణ లేని విద్యాపీఠాన్ని ఆదాయం ఆపత్కాలంలో బతికించలేదు. ఒకటి మరొకదానికి బదులు కాదు.

ఊరి కాపలా

విద్యాపీఠం మరుగునపడిన తరువాత దాని అవశేషాలు ఎవరి చేతిలో ఉన్నాయి? ఊళ్ల చేతిలోనే. బర్‌గావ్, బేగంపూర్, కపటియా, సూరజ్‌పూర్ వంటి గ్రామాలు శిథిలాల చుట్టూ, కొన్నిచోట్ల శిథిలాల మీదనే పెరిగాయి. పొలాలలో, చెరువుగట్లపై దొరికిన నల్లరాతి విగ్రహాలు ఊరి గుళ్లలోకి చేరాయి. తవ్వకాల ప్రాంతానికి వెలుపల ఉన్న ఒక బుద్ధ విగ్రహానికి స్థానికులు నూనె పూసి, తెలియా బాబా అని మొక్కుతారు. జగదీశ్‌పూర్‌లో మారవిజయాన్ని చూపే పెద్ద బుద్ధ విగ్రహం రుక్మిణి పేరిట పూజలందుకుంది. పేరు మారింది, పూజావిధానం మారింది, రాయి నిలిచింది. ప్రతిమాలక్షణ శాస్త్రం దృష్టిలో ఇది పొరపాటు కావచ్చు, పరిరక్షణ దృష్టిలో మాత్రం కాపలా.

1861-62లో కన్నింగ్‌హామ్ బర్‌గావ్ దిబ్బలను నలందగా గుర్తించాడు. 1915 ప్రాంతంలో పురావస్తు శాఖ మొదలుపెట్టిన తవ్వకాలు రెండు దశాబ్దాలకు పైగా సాగాయి. ఆ కృషి లేకపోతే ముద్రికలూ లేవు, తామ్రశాసనమూ లేదు. అయితే ఆ క్రమంలో ఊరివారి పాత్ర తవ్వే కూలికి పరిమితమైంది. వెలికివచ్చిన దానికి కంచె పడింది. కంచెకు అవతల ఊరు మిగిలింది.

కంచె మాత్రమే కాపాడలేదనడానికి ఒక ఉదాహరణ చాలు. 1961 ఆగస్టులో నలంద ప్రదర్శనశాల నుండి 14 విగ్రహాలు దొంగల పాలయ్యాయి. వాటిలో ఒకటైన 12వ శతాబ్దపు కంచు బుద్ధుణ్ణి 2018లో ఐరోపాలో జరిగిన ఒక కళావస్తు ప్రదర్శనలో గుర్తుపట్టినవారు, దొంగిలించిన కళాఖండాలపై పరిశోధన చేసే సంస్థకు చెందిన లిండా ఆల్బర్ట్‌సన్, ఇండియా ప్రైడ్ ప్రాజెక్ట్ అనే స్వచ్ఛంద బృందానికి చెందిన ఎస్. విజయకుమార్. ఆ ఏడాది ఆగస్టు 15న లండన్‌లో ఆ విగ్రహం భారత ప్రతినిధులకు అందింది. అధికారిక రికార్డులోని పాత ఛాయాచిత్రం, దానిని ఓపికగా పోల్చిచూసిన స్వచ్ఛంద కార్యకర్తల శ్రమ కలిసి ఆ పని చేశాయి. ఒక్క విగ్రహం తిరిగిరావడానికి 57 ఏళ్లు పట్టింది. ఛాయాచిత్రమే లేని ఊరిగుడి విగ్రహం పోతే అది ఫలానా చోటిదని నిరూపించే దారి ఉండదు.

ఇప్పుడు అసలు సమస్య ఇదే. 2016లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ప్రాంతం 23 హెక్టార్లు. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ఎం.బి. రజని జరిపిన పరిశోధన ప్రకారం మహావిహార విస్తీర్ణం తవ్విన భాగాన్ని మించి చాలా దూరం వ్యాపించింది. ఆ మిగిలినది నేటి ఇళ్ల కింద, పొలాల కింద, చెరువుల పక్కన ఉంది. చట్టం చేరలేని ఆ నేలను కాపాడగలిగినవారు అక్కడ ఉండేవారే. వారితో సంబంధం లేకుండా నలందను కాపాడతామనడం పునాది లేని గోడ కట్టడమే.

కొత్త బంధాలు

ఆధునిక కాలంలో ఈ బంధాన్ని మళ్లీ కలిపే ప్రయత్నం భిక్షు జగదీశ్ కాశ్యప్ చేశారు. ఆయన మగధ నేలకు చెందినవారు, పాలి పండితులు, నాగరి లిపిలో త్రిపిటక ప్రచురణకు సారథి. నవ నలంద మహావిహారం కోసం స్థలం కావలసివచ్చినప్పుడు ఇస్లాంపూర్‌కు చెందిన ముస్లిం జమీందారు 11 ఎకరాలు దానమిచ్చారు. 1951 నవంబరు 20న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. బ్రాహ్మణ గృహస్థు కాచిన గురుపీఠం పేరిట, ఏడు శతాబ్దాల తరువాత, ముస్లిం గృహస్థు ఇచ్చిన నేలపై పాలి విద్య మళ్లీ మొదలైంది. మతం పేరిట నలంద కథను కుదించి చెప్పేవారు ఈ రెండు దానాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

2010 చట్టంతో ఏర్పడి 2014లో తరగతులు ప్రారంభించిన నలంద విశ్వవిద్యాలయం రాజగిరిలోని తన ప్రాంగణానికి అహర్-పైన్ పద్ధతిని తీసుకుంది. వాలునేలలో మూడువైపులా కట్ట వేసి నీరు నిలిపే చెరువు అహర్. నది నీటిని పొలాలకు మళ్లించే కాలువ పైన్. పరిసర గ్రామాలలో వాననీటిని భూగర్భంలోకి పంపే ప్రయోగాన్నీ అది చేపట్టింది. ఇందులో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. అహర్-పైన్ ఇంజనీర్లు కనిపెట్టినది కాదు, దక్షిణ బిహార్ రైతుల విద్య. కాలువల పూడికతీతకు ఊళ్లన్నీ కలిసి శ్రమించే ఆచారాన్ని అక్కడ గోఆమ్ అంటారు. తెలుగునాట చెరువుల కోసం సాగిన కుడిమరామత్తుకు అది సాటి. అంటే ఇక్కడ విశ్వవిద్యాలయం ఊరికి నేర్పక ముందు ఊరి దగ్గర నేర్చుకుంది. ధాన్యకటకంలో హ్యుయాన్‌త్సాంగ్ చేసిన పని అదే.

తెలుగునేలకు ఈ పాఠం పరాయిది కాదు. 18వ శతాబ్ది చివర అమరావతి దిబ్బ ఇటుకలకూ రాళ్లకూ గనిగా మారింది; 1798లో మెకంజీ అక్కడికి వచ్చేనాటికే చాలా నష్టం జరిగింది. ఆ రాళ్లు ఏమిటో చెప్పేవారు ఊరికీ దిబ్బకీ నడుమ ఎవరూ లేకపోయారు. నాగార్జునకొండలో 1954 నుండి 1960 వరకు జరిగిన తవ్వకాలు, ఎంపిక చేసిన కట్టడాలను కొండమీదికీ అనుపుకూ తరలించడం గొప్ప కార్యాలు. కాని లోయలోని ఊళ్ల ప్రజలు కూడా వేరే చోట్లకు తరలిపోయారు; కట్టడం ఒక చోట, దాని పొరుగువారు మరొక చోట అయ్యారు.

ఈ చరిత్ర నుండి విశ్వవిద్యాలయాలకూ విహారాలకూ తేలే పనులు ఆర్భాటమైనవి కావు. ఊరి గుడిలోని ప్రతి విగ్రహాన్నీ పూజారి సమ్మతితో, పూజకు భంగం కలుగకుండా ఛాయాచిత్రం తీసి, కొలతలు రాసి, ఒక ప్రతి ఊరికీ ఒక ప్రతి పురావస్తు శాఖకూ ఇవ్వడం. పొలంలో రాయి తేలితే ఎవరికి చెప్పాలో, చెప్పినందువల్ల భూమి పోతుందన్న భయం ఎంతవరకు నిజమో రైతుకు ముందే వివరించడం. సర్వేకు వచ్చే విద్యార్థికి ఊరి మాట, ఊరి మర్యాద నేర్పి పంపడం. సాయపడిన ఊరి యువకుని పేరు నివేదికలో చేర్చడం, అతని శ్రమకు ప్రతిఫలం ఇవ్వడం. ఒక్క రోజు శిబిరానికి బదులు ఏటేటా అదే ఊరికి వెళ్లడం. భిక్షువులకు ఇందులో ప్రత్యేక పాత్ర ఉంది: ఊరివారు నూనె పూసి మొక్కే రాతిని తమదని లాక్కోకుండా, అది బుద్ధుడని సౌమ్యంగా చెప్పగలిగినవారు వారే.

దేవపాలుని రాగిరేకు రాజు మాటను దాచింది. గ్రామముద్రికలు ఊరి మాటను దాచాయి. జయదేవుడు కబురు పంపినప్పుడు అతని చేతిలో శాసనమూ లేదు, ముద్రికా లేదు. గురువుతో ఏర్పడిన బంధమే అతని చేత ఆ కబురు పంపించింది. నేటి సంస్థలు పొరుగు ఊళ్లతో రాసుకునే ఒప్పందాలు అటువంటి కబురు రాగలిగిన పరిచయాన్ని పెంచుతున్నాయా లేదా అన్నదే వాటిని తూచవలసిన తూనిక.